స్వే బార్ లింకు మళ్లీ ఎక్కడం లేదు, ఎడమవైపు టక్కుమంటోంది. ఏం చూడాలి?

ప్రశ్న, శాన్ హోసే నుంచి:
అందరికీ నమస్కారం. నాది 2014 జీప్ రాంగ్లర్ స్పోర్ట్, నాలుగు తలుపులది. రెండు నెలల క్రితం ఇంటి డ్రైవ్‌వేలో నేనే బండిని రెండున్నర అంగుళాలు పైకి లేపే లిఫ్ట్ వేసుకున్నాను. ముందు స్వే బార్‌ని (బండి ఒరగకుండా ఆపే కడ్డీ) యాక్సిల్‌కి కలపడానికి పొడవు మార్చుకునే, చేత్తో విప్పుకునే క్విక్ డిస్‌కనెక్ట్ లింకులు కూడా పెట్టాను. శనివారం హాలిస్టర్ హిల్స్ ఆఫ్‌రోడ్ పార్కుకి వెళ్లాం. గుంతల్లో చక్రాలు బాగా దిగాలని పొద్దున లింకులు విప్పాను, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. సాయంత్రం తిరిగి పెడితే కుడివైపు ఎక్కింది కానీ ఎడమ లింకు కన్ను (చివరి రంధ్రం) అది తొడగాల్సిన యాక్సిల్ మీది స్టడ్‌కి అర అంగుళం పైనే ఆగిపోయింది. సుత్తితో నాలుగు తగిలించి, ఎలాగో ఎక్కించి, హైవే 25 మీదుగా 101 పట్టుకుని ఇల్లు చేరాం. అప్పట్నుంచి స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా ఎడమవైపు టక్కుమంటోంది. కొత్త లింకులు కొనాలా? మా ఆవిడేమో "ఆ కడ్డీ తీసేసే తిరగొచ్చుగా" అంటోంది.

జవాబు, ఫీనిక్స్ నుంచి:
ముందు ఆ సుత్తి లోపల పెట్టేయండి. ఇప్పుడే ఏమీ కొనకండి.

స్వే బార్ అంటే రెండు ముందు చక్రాల మధ్య మెలితిరిగే స్ప్రింగు కడ్డీ, అంతే. బండి బరువు దాని మీద ఉండదు. నేల ఎటో ఒకవైపు వాలి ఉంటే బండి ఒరుగుతుంది. అప్పుడు ఒకవైపు లింకు పెట్టాక రెండోవైపుది స్టడ్‌కి పైనో కిందో నిలుస్తుంది. అందుకే విప్పేటప్పుడూ పెట్టేటప్పుడూ చదునైన చోటు వెతుక్కోవాలి. అప్పటికీ అందకపోతే ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, కన్ను పైన ఆగిన వైపు బంపర్ మీద ఒకరిని నిలబెట్టండి. బాడీ దిగుతుంది, కన్ను స్టడ్ ఎదురుగా వస్తుంది. కన్ను కిందికి ఉంటే అటువైపు బాడీని పైకి లేపాలి. వేళ్లు మాత్రం మధ్యలో పెట్టొద్దు.

మీ విషయంలో నా అనుమానం వేరే. మీ డ్రైవ్‌వే చదునుగా ఉందా? లింకులు బిగించినప్పుడు వాటి పొడవు కొలిచారా, లేక స్టడ్‌కి ఎక్కేదాకా మర తిప్పుకుంటూ పోయారా? రెండూ విప్పి, కన్ను మధ్య నుంచి కన్ను మధ్యకి టేపు పెట్టండి. రెండూ ఒకే పొడవు ఉండాలి. చదునైన నేల మీద రెండు లింకులూ తగిలించాక బార్ చేతులు (లింకులు తగిలే రెండు చివరలు) ఇంచుమించు నేలకి సమాంతరంగా కనిపించాలి. లిఫ్ట్ వేసి లింకులు పొట్టిగా వదిలేస్తే ఆ చేతులు కిందికి వాలిపోతాయి.

శబ్దానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రెండు లింకులూ విప్పి, టైరుకీ బ్రేక్ హోస్‌కీ తగలకుండా పైకి కట్టేసి, ఖాళీ పార్కింగ్ లాట్‌లో మెల్లగా స్పీడ్ బ్రేకర్ ఎక్కించండి. శబ్దం పోతే తప్పు లింకులదే. కన్నులోని బుష్ (మెత్తటి తొడుగు) అరిగిందా, పొడవు మారకుండా బిగించే చెక్ నట్ వదులైందా చూడండి. పోకపోతే లింకుల జోలికి వెళ్లొద్దు, ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టి ఉంచే కడ్డీ) చూడండి. ఇంజన్ ఆన్‌లో ఉంచి, చక్రాలు నేల మీదే ఉండగా ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ ఊపాలి, ఇంకొకరు ట్రాక్ బార్ రెండు చివరల బోల్టులు కదులుతున్నాయేమో గమనించాలి. జేకే బండ్లకి (మీ తరం రాంగ్లర్లకి) ఆ బోల్టులు 125 పౌండ్-అడుగుల టార్క్‌తో బిగించాలి. లిఫ్ట్ వేసినవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

మీ ఆవిడగారి ప్రశ్నకి: బురదలో, రాళ్లలో తిరగొచ్చు. ఫ్రీవే మీద మాత్రం వద్దు. ఎవరైనా అడ్డం వచ్చి స్టీరింగ్ చటుక్కున తిప్పితే బండి ఎంత ఒరుగుతుందో అప్పుడు తెలుస్తుంది, అది ఆలస్యంగా తెలియడమే.

మధ్యలో ఒకరు:
రాంగ్లర్‌లోనే రూబికాన్ మోడల్ కొనుంటే బార్ విప్పడానికి బటన్ నొక్కితే సరిపోయేది కదా గురూ 😄

ఫీనిక్స్:
దానికీ లెక్కలున్నాయి. జేకేలో ఫోర్ వీల్ డ్రైవ్ వేసి, గంటకు 18 మైళ్ల లోపు ఉంటేనే బార్ విడిపోతుంది. అది దాటితే తనే కలుస్తుంది, 14 కిందికి దిగితే మళ్లీ విడిపోవాలని చూస్తుంది. బండి వంకరగా ఉంటే రెండు సగాలూ కలవవు, దీపం మిణుకుమంటూనే ఉంటుంది. చదునైన చోటికి తెస్తే సర్దుకుంటుంది. బటన్‌కైనా పిన్నుకైనా నేల చదునుగానే ఉండాలి!

హైదరాబాద్ నుంచి:
అన్నా, నాది 2020ల వచ్చిన కొత్త థార్. దీనికి గిసొంటి లింకులు పెడితే ఫాయిదా ఉంటదా?

ఫీనిక్స్:
అంతగా ఉండదు తమ్ముడూ. మీ థార్‌కి ముందువైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే ఏ చక్రం దారి దానిదే. బార్ విప్పినా చక్రం దిగే దూరాన్ని విష్‌బోన్లు (చక్రాన్ని పట్టుకునే చేతులు) ఆపేస్తాయి. రాంగ్లర్‌కి ముందు కూడా ఒకే రిజిడ్ యాక్సిల్ కాబట్టి తేడా కంటికి కనిపిస్తుంది. జిమ్నీ కూడా ఆ జాతే.

ప్రశ్న అడిగిన శాన్ హోసే:
దొరికిందండీ! ఎడమ లింకు కుడిదానికంటే అర అంగుళం పొట్టి. మీరన్నట్టే వాలు డ్రైవ్‌వేలో ఎటు ఎంత ఎక్కితే అంత అని తిప్పేశాను. పొద్దున విప్పింది కూడా కాస్త వాలుగా ఉన్న చోటే, అందుకే అంత తేలిగ్గా వచ్చేసింది. కాలనీ క్లబ్‌హౌస్ పార్కింగ్‌లో పెట్టి రెండూ సమానం చేశాను. శబ్దం మాత్రం చెక్ నట్‌ది, చేత్తోనే తిరిగింది. ట్రాక్ బార్ బాగానే ఉంది. సుత్తి దెబ్బకి స్టడ్ అంచు లేచింది, ఆకురాయితో సాపు చేశాను. బుష్ ఒకటి చీలింది, అది ఒక్కటే కొంటున్నా. పాలీయూరిథేన్‌ది. మామూలు గ్రీజు రాయొచ్చా?

ఫీనిక్స్:
సిలికాన్ గ్రీజు రాయండి, లేకపోతే కొన్నాళ్లకి కీచుమంటుంది. స్టడ్‌కి కూడా పల్చగా పూయండి. బురదలో తిరిగొచ్చిన ప్రతిసారీ తుడిచి మళ్లీ రాయాలి. లింకు ఊడకుండా స్టడ్‌కి పెట్టే లించ్ పిన్నులు రెండు అదనంగా గ్లవ్ బాక్స్‌లో పడేసుకోండి, చీకట్లో ఒకటి జారిపడితే గడ్డిలో దొరకదు.