చట్టాలకు మనమే ఓటేస్తే ఎమ్మెల్యేలు ఎందుకు?

ఓరుగల్లు కుర్రాడు: 1985 ఫిరాయింపుల చట్టం వచ్చాక, విప్ జారీ అయితే ఎమ్మెల్యే అయినా ఎంపీ అయినా పార్టీ చెప్పినట్టే చెయ్యెత్తాలి. లేదంటే పదవికే ఎసరు. సొంతంగా ఆలోచించే వీల్లేని మనిషి మధ్యలో దేనికి? అందరి దగ్గరా ఫోనుంది. బిల్లు పెట్టండి, మేమే నొక్కుతాం. స్విట్జర్లాండ్‌లో ఏడాదికి నాలుగుసార్లు జనాన్ని అడగట్లేదా?

లెక్కల మాస్టారు: అదే స్విట్జర్లాండ్‌లో ఆడవాళ్లకు జాతీయ ఎన్నికల్లో ఓటు ఎప్పుడొచ్చిందో తెలుసా తమ్ముడూ? 1971లో. ఇవ్వాలా వద్దా అని మగవాళ్లనే అడిగారు మరి. 1959లో మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. 2009లోనేమో మసీదులకు కొత్త మినార్లు కట్టకూడదని 57 శాతానికి పైగా ఓటేసి రాజ్యాంగంలోకే ఎక్కించారు. తక్కువమంది ఉన్నవాళ్లు ఎక్కడికి పోవాలి?

కోనసీమ ఆడపడుచు: ఫ్రాన్స్‌లో ముఖం కప్పుకోకూడదని 2010లో చట్టం చేసింది ఎన్నికైన పార్లమెంటే కదా మాస్టారూ. తక్కువమంది మీద ఆంక్షలకూ జనం ఓటింగుకూ ముడిపెట్టకండి. కుర్రాడూ, నువ్వూ ఒకటి గమనించు. స్విస్‌లో చట్టాలు చేసేది పార్లమెంటే. నచ్చకపోతే 100 రోజుల్లో 50,000 సంతకాలు తెచ్చి దాన్ని ఓటింగుకు లాగొచ్చు. జనం చేతిలో ఉన్నది ప్రధానంగా బ్రేకు. నాకు అది చాలు.

ఓరుగల్లు కుర్రాడు: సరే అక్కా, బ్రేకే ఇవ్వమనండి. కానీ ఫోన్‌లో ఇవ్వాలి. 2021లో ఖమ్మంలో ట్రయల్ కూడా చేశారుగా.

లెక్కల మాస్టారు: బూత్‌లో అట్ట చాటున ఎవరికి నొక్కావో డబ్బు పంచినవాడికి తెలీదు. ఫోన్ ఓటైతే పక్కనే కూర్చుని నొక్కించుకున్నాకే నోటు తీస్తాడు.

ఓరుగల్లు కుర్రాడు: ఎస్టోనియాలో 2005 నుంచి నెట్‌లో ఓటేస్తున్నారు సార్. గడువులోగా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరిదే లెక్క.

లెక్కల మాస్టారు: గడువు దాటేదాకా ఫోన్ ఆ డబ్బు పంచినవాడి జేబులోనే ఉంటే?

మన్యం మనిషి: మీరంతా యాప్ దగ్గరే ఆగిపోయారు. ఒడిశా నియమగిరిలో బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 ఊళ్లలో సభలు పెట్టారు, 12 ఊళ్లూ వద్దన్నాయి. జిల్లా జడ్జి ఎదురుగా ఆ కొండ మీది గిరిజనులు, డోంగ్రియా కోందులు, లేచి నిలబడి మాట్లాడారు. తవ్వకం ఆగింది. నెట్ లేదు, ఏమీ లేదు. అయితే కొండ మీద వందకు పైగా ఊళ్లుంటే ఆ 12 ఊళ్లను ఎంచింది రాష్ట్ర ప్రభుత్వం. నా టెన్షన్ అక్కడే. ఎవరిని అడగాలో, ఏమని అడగాలో ప్రభుత్వమే తేలుస్తుంటే బటన్ మన చేతిలో ఉండి లాభమేంటి?

కోనసీమ ఆడపడుచు: అందుకే సంతకాలు అంటున్నా. ఏ చట్టాన్ని ఆపాలో జనమే ఎంచుకుంటారు.

లెక్కల మాస్టారు: స్విస్ జనాభా సుమారు 90 లక్షలు. ఆ లెక్కన తెలంగాణకు 2 లక్షల సంతకాలు. ఏ పెద్ద పార్టీ అయినా వారంలో తెచ్చేస్తుందమ్మా.

కోనసీమ ఆడపడుచు: తేనివ్వండి. అక్కడా పార్టీలు తెస్తాయి. ఓటింగులో ఓడితే పోయే పరువు వాళ్లదేగా.