ఆర్‌ఎక్స్ 100: ఎనిమిదేండ్లు షెడ్డులో పడున్న బండిని ఇంట్లోనే విప్పి కట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాల?

ప్రశ్న (అనంతపురం)

అన్నలూ, 1994 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100, టూ స్ట్రోకు బండి, ఏపీ 02 నంబరు. ఎనిమిదేండ్లుగా కదల్లేదు. కిక్ సగం దిగి ఆగిపోతాంది. ట్యాంకు లోపల ఎర్రగా తుప్పు. నా దగ్గర పానాల సెట్టు, స్టార్ స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయర్ ఉండాయి. ఇంజను విప్పడం ఇదే మొదలు. హ్యాండిల్ కిందికి దించి, వెనక ఫ్రేము కోసి, సీటు పొట్టిగా చేసి కెఫే రేసర్ మాదిరి కట్టాలని ఉంది. ముందు పెయింటుకు ఇయ్యాల్నా, ఇంజను చూడాల్నా? సిలిండరు లోపల కోయించి బోర్ చేయించాల్నా?

జవాబు 1 (కర్నూలు)

పెయింటు ఆఖర్న. ముందు ఆ కిక్ తొక్కడం ఆపు తమ్ముడూ. అన్నేండ్లు నిలబడితే రింగులు సిలిండరుకు తుప్పుతో అతుక్కోనుంటాయి. బలవంతంగా తొక్కితే రింగు విరిగి పోర్టులో (సిలిండరు గోడలోని రంధ్రంలో) ఇరుక్కుంటాది. ప్లగ్గు తీసి ఆ బొక్కలో కిరోసిన్, 2టీ ఆయిలు (టూ స్ట్రోకు ఇంజనాయిలు) సగం సగం కలిపి ఒక 30 మి.లీ. పోసి రెండు రోజులు వదిలెయ్. తర్వాత హెడ్డు విప్పి, పిస్టన్ మీద చెక్క ముక్క పెట్టి మెల్లగా తట్టు, కదులుతాది.

నీ సామానుకు రెండు కలుపుకోవాల. ఒకటి ఇంపాక్ట్ డ్రైవరు, అంటే సుత్తితో కొడితే తిరిగే స్క్రూడ్రైవరు. సైడ్ కవర్ల స్క్రూలు చూడ్డానికి స్టార్ మాదిరే ఉంటాయి గానీ జపాన్ కొలతవి, మామూలు స్క్రూడ్రైవరు వాటిలో నిండుగా కూర్చోదు, తల అరిగిపోతాది. కొత్తగా కట్టేటప్పుడు వాటి బదులు ఆలెన్ బోల్టులు వేసుకో. రెండోది మ్యాగ్నెట్ పుల్లర్. మ్యాగ్నెట్‌ను (క్రాంకు చివర ఉండే కరెంటు చక్రాన్ని) సుత్తితో కొట్టి తీస్తే క్రాంకు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, వంకరపోతాది.

బోరు సంగతి. దీని బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 50 ఎం.ఎం., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 50 ఎం.ఎం., 98 సీసీ. సిలిండరు లోపల గోరు పెట్టి అడ్డంగా గీకు. నిలువు గీతలు గోరుకు తగిలితే బోర్ చేయించాల్సిందే. ఓవర్‌సైజు పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 ఎం.ఎం. పెద్దవి వస్తాయి. పిస్టన్ ముందు కొను, దాన్ని చేతబట్టుకోని బోరింగ్ షాపుకు పో. ఆ పిస్టన్‌ను కొలిచి దానికి తగినట్టు బోర్ చేయాల, డబ్బా మీద నంబరు చూసి కాదు. ఫోర్ స్ట్రోకు పని ఎక్కువగా చేసే షాపుల్లో ఒక తప్పు జరుగుతాంటుంది: పోర్టుల అంచులు మొనదేలి ఉన్నట్టే ఇచ్చేస్తారు. వేలు పెట్టి చూడు, చర్మం గీరుకుంటే రింగు కూడా తగులుకుంటాది. అంచులన్నీ సన్నంగా అరగదీసి గుండ్రం చేయమని అడిగి చేయించుకో.

కట్టేటప్పుడు పిస్టన్ మీది బాణం సైలెన్సర్ వైపు. రింగు మూతి (రెండు కొనల మధ్య సందు) పిస్టన్ గాడిలోని పిన్ను దగ్గర కూర్చోవాల. రింగును ఒంటిగా సిలిండరులోకి దోసి ఫీలర్ గేజితో (సందులు కొలిచే పలుచని రేకులతో) మూతి సందు చూడు, 0.15 నుంచి 0.35 ఎం.ఎం. మధ్య ఉండాల. సర్‌క్లిప్పులు (పిస్టన్ పిన్ను జారకుండా పట్టే తీగ రింగులు) ప్రతిసారీ కొత్తవే. అవి పెట్టే ముందు క్రాంక్‌కేసు నోరు గుడ్డతో మూసేయ్. క్లిప్పు ఎగిరి లోపల పడితే ఇంజను మొత్తం మళ్ళా విప్పాల.

కనెక్టింగ్ రాడ్డు (పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కడ్డీ) పక్కలకు కొంచెం కదిలితే పర్వాలేదు, పైకీ కిందికీ ఆడితే మాత్రం క్రాంకు లేత్ షాపుకు పోవాల్సిందే.

జవాబు 2 (కడప)

పైన చెప్పినవన్నీ సరే, వాటికంటే ముందు ఆర్‌సీ తీసి చూడండి. పదిహేనేళ్ళు దాటిన బండికి ఫారం 25తో రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయిస్తేనే రోడ్డెక్కాలి, అది ఐదేళ్ళకు వస్తుంది. తనిఖీలో చాసిస్ నంబరు చూస్తారు. పౌడర్ కోటింగ్‌కు ఇచ్చే ముందు ఆ నంబరు మీద వేడికి తట్టుకునే టేపు వేయమని నిలబడి చెప్పండి. మందంగా పూత పడితే అంకెలు పూడిపోతాయి.

వెనక ఫ్రేము కోయొద్దు. సీటు బరువు, వెనక షాకబ్జార్ల దెబ్బ అంతా ఆ గొట్టాలే మోస్తాయి. పైగా ఆర్‌సీలో రాసిన వివరాలకు భిన్నంగా బండిని మారిస్తే 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. బోల్టుతో పెట్టి బోల్టుతో తీసేవే చేయండి: పొట్టి హ్యాండిల్, పలుచని సీటు, చిన్న ఇండికేటర్లు. హ్యాండిల్ మార్చాక పూర్తిగా కుడికీ ఎడమకీ తిప్పి చూడండి. యాక్సిలరేటర్ కేబుల్ లాగినట్టయి ఐడిల్ (యాక్సిలరేటర్ తిప్పకున్నా ఇంజను తిరిగే వేగం) పెరిగిందంటే కేబుల్ దారి మార్చాలి.

వరస కూడా ముఖ్యం. పెయింటు లేకుండానే బండి మొత్తం కట్టి, ఓ 200 కిలోమీటర్లు తిప్పి, కారేది కారాక, అరిచేది అరిచాక సరిచేసుకుని, అప్పుడు విప్పి పెయింటుకు ఇవ్వండి. ముందే రంగు వేస్తే ప్రతి పానా జారినప్పుడల్లా గీత పడుతుంది. పెట్రోలు పడితే ఇంట్లో స్ప్రే చేసిన రంగు లేచిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

శానా థాంక్స్ అన్నలూ. ఫ్రేము కోయను. ఆయిల్ సీళ్ళు బాగుండాయో లేదో విప్పకుండా తెలుసుకునే దారి ఉందా? ట్యాంకుకు ఏం పోయాల?

జవాబు 3 (కర్నూలు)

క్రాంకు సీళ్ళు (క్రాంకు రెండు వైపులా ఉండే రబ్బరు రింగులు) ఎనిమిదేండ్లకు ఎండి గట్టిపడుంటాయి, క్రాంకు ఎట్లాగూ బయటికొస్తే అడక్కుండానే రెండూ మార్చెయ్. ఈ బండ్లు సీజ్ అయ్యేదానికి ఇవీ ఒక కారణం. మ్యాగ్నెట్ వైపు సీలు పోతే గాలి పీలుస్తాది, మిక్చర్ పలుచనవుతాది (గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతాది), ఐడిల్ దానంతటదే పెరుగుతాది, ఆఖరికి పిస్టన్ పట్టేస్తాది. క్లచ్ వైపు సీలు పోతే గేరాయిలు లోపలికి పోయి కాలుతాది. తెల్లపొగ ఆగదు, గేరాయిలు తగ్గుతా పోతాది.

చూసే పద్ధతి: పాత బీపీ మిషన్ రబ్బరు బుడ్డీ, గేజి తీసుకో. సైలెన్సర్ విప్పి, సిలిండరుకు అది తగిలే నోటికి రబ్బరు షీటు పెట్టి రేకుతో బిగించు. కార్బొరేటర్ తీసి అది తగిలే గొట్టానికి రబ్బరు బిరడా కొట్టి దాంట్లోనుంచి బీపీ ట్యూబు దూర్చు. ప్లగ్గు బిగించే ఉండాల, ఆయిల్ పంపు ట్యూబు మూసేయాల. బీపీ గేజి మీద 250 దాకా గాలి కొట్టి ఐదు నిమిషాలు చూడు. ముల్లు దిగకుంటే లోపల గట్టిగా ఉన్నట్టే. దిగితే సబ్బు నీళ్ళు పూస్తా పో: సిలిండరు కింది ప్యాకింగ్, హెడ్డు, కేసు జాయింటు, మ్యాగ్నెట్ వెనక సీలు. క్లచ్ వైపు సీలు లీకైతే బుడగలు బయట కనపడవు, గేరాయిలు పోసే రంధ్రం మూత తీసి అక్కడ సబ్బు పొర పెట్టు, ఉబ్బుతాది. బిగించి స్టార్ట్ చేసేముందు ఈ పరీక్ష తప్పనిసరిగా చెయ్.

హెడ్డు వంకర ఉంటే గాజు పలక మీద 400 నంబరు ఎమిరీ పేపరు పరిచి ఎనిమిది అంకె ఆకారంలో రుద్దు. కడప బండ నున్నగా ఉంది కదా అని దాని మీద రుద్దద్దు, గాజంత సమంగా ఉండదు.

జవాబు 4 (ప్రొద్దుటూరు)

ట్యాంకుకు: పెట్రోలు కాక్ (ట్యాంకు కింది కుళాయి) తీసి రంధ్రం మూసి, గుప్పెడు చిన్న నట్లు, కిరోసిన్ వేసి కుదిపి ఖాళీ చేయండి. తర్వాత సబ్బు నీళ్ళతో జిడ్డు పోయేదాకా కడగండి, జిడ్డుంటే వెనిగర్ పని చేయదు. వెనిగర్ నిండా పోసి ఒక రోజు ఉంచండి. పారబోశాక నాలుగు చెంచాల వంట సోడా కలిపిన నీళ్ళతో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టి, 2టీ ఆయిలు కొంచెం పోసి లోపలంతా తిప్పండి. తడిగా వదిలితే సాయంత్రానికే మళ్ళీ ఎర్రబడుతుంది. లీకుంటే వెల్డింగ్ ఇంట్లో వద్దు, ఖాళీ ట్యాంకులోని పెట్రోలు ఆవిరే పేలుతుంది.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఆయిల్ పంపును నమ్మకండి. పైపులో గాలి పోయేదాకా సిలిండరుకు ఆయిలు అందదు. మొదటి ట్యాంకు పెట్రోలులో లీటరుకు 20 మి.లీ. 2టీ విడిగా కలపండి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు మిక్చర్ పలుచనవుతుంది కాబట్టి మెయిన్ జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి పంపే రంధ్రం ముక్క) ఒక నంబరు పెద్దది దగ్గర పెట్టుకోండి. కొత్త ప్లగ్గుతో మూడో గేరులో ఫుల్ యాక్సిలరేటర్ మీద కాస్త దూరం పోయి, క్లచ్ పట్టి అదే క్షణం ఇంజను ఆపి ప్లగ్గు తీసి చూడండి. ఇది రన్నింగ్ ఇన్ (కొత్త పిస్టన్, రింగులు సర్దుకునేదాకా మెల్లగా నడపడం) 500 కిలోమీటర్లు అయ్యాకే. ప్లగ్గు మొన కాఫీ పొడి రంగుంటే సరే. తెల్లగా ఉంటే పెద్ద జెట్ వేయనిదే బండి తీయొద్దు.