ఏసీ తరగతి గదికి ప్యూరిఫయర్ చాలా, బయటి గాలి రావాల్సిందేనా?

రోడ్డుపక్కబడి:
హైదరాబాద్‌లో మెయిన్ రోడ్డు మీది ప్రైమరీ స్కూలు. గది 20×20 అడుగులు, ఎత్తు 10. రెండో తరగతి పిల్లలు 30 మంది, స్ప్లిట్ ఏసీ. కిటికీ తీస్తే దుమ్ము, పొగ. అన్నీ మూసేసి ప్యూరిఫయర్ పెడితే చాలని నా వాదన. కాదనేవాళ్లు లెక్కతో చెప్పండి.

డక్టుమేస్త్రి:
చాలదండీ. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది. ప్యూరిఫయర్‌లోని హెపా ఫిల్టర్ సన్నటి దుమ్మును పడుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టదు. మీ గది 113 ఘనపు మీటర్లు. కూర్చుని రాసుకునే ఒక్కో పిల్ల గంటకు 14 లీటర్లు వదిలినా 30 మందికి 420 లీటర్లు. అన్నీ బిగించేస్తే పది నిమిషాల్లోనే, బయటి గాలిలో మామూలుగా ఉండే 420 పీపీఎం (గాలి పది లక్షల వంతుల్లో 420 వంతులు) కాస్తా వెయ్యి దాటుతుంది. ఆ తర్వాత పాఠం ఎవరికెక్కుతుంది?

పసిఊపిరి:
మరి పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లే సన్నటి ధూళి సంగతి? రోజు సగటు మన ప్రమాణం ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. డబ్ల్యూహెచ్‌ఓ 2021లో 15 చాలంది. బరువుతో పోలిస్తే పిల్లలు పెద్దల కన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. చలికాలం పొద్దున పొగ నేలబారుగా నిలిచే వేళ, బడి గంట కొట్టేటప్పుడు, రోడ్డువైపు కిటికీ తీయమనడం నాకు ఒప్పుదల కాదు.

డక్టుమేస్త్రి:
రోడ్డువైపు తీయమనలేదు. ఆవరణ వైపు గోడలోంచి ఫిల్టర్ చేసిన గాలిని లోపలికి తోయాలి, గంటకు సుమారు 750 ఘనపు మీటర్లు. వరండా వైపు వెంటిలేటర్ తెరిచి ఉంచితే వాడిన గాలి అటు పోతుంది. చాలాచోట్ల దీనికి బదులు ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగిస్తారు. అది గాలిని బయటికి లాగేకొద్దీ రోడ్డువైపు సందుల్లోంచి దుమ్ము లోపలికొస్తుంది. పైగా మామూలు రెక్కల ఫ్యాన్‌కు ఫిల్టర్ తగిలిస్తే గాలి సగం కూడా రాకపోవచ్చు. గొట్టం మధ్యలో బిగించి, ఫిల్టర్ అడ్డున్నా గాలిని తోసే ఇన్‌లైన్ బ్లోయర్ కావాలి.

రోడ్డుపక్కబడి:
ఎండాకాలం 40 డిగ్రీల గాలి తోస్తే ఏసీ ఏమైపోవాలి?

డక్టుమేస్త్రి:
దాదాపు ఒక టన్ను భారం అదనం, నిజమే. కానీ ఒంటిపూట బడులొచ్చేసరికి అసలు ఎండకు ముందే పిల్లలు ఇంటికెళ్తారు.

పసిఊపిరి:
బ్లోయర్‌కు ఒప్పుకుంటాను, ప్యూరిఫయర్ తీసేయడానికి మాత్రం కాదు. లోపల పుట్టే సుద్దపొడిని బయటి ఫిల్టర్ ఆపదు. పొడి చీపురుతో ఊడవడం మాని తడిగుడ్డ పెట్టాలి, అదీ పిల్లలు రాకముందే. ఇంకోటి: కార్బన్ డయాక్సైడ్ మీటర్ కొంటే ఎన్‌డీఐఆర్ సెన్సర్ (పరారుణ కాంతితో ఆ వాయువునే కొలిచేది) ఉన్నదే కొనండి. చౌకవి కొన్ని ఫినాయిల్ వాసనకే రెండు వేల పీపీఎం చూపిస్తాయి. ఆరుబయట పావుగంట పెట్టి 420 దగ్గర నిలిస్తేనే నమ్మండి.