గుంటలున్న ఎముక ముక్క: మొసలిదా, మెత్తచిప్ప తాబేలుదా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేము నార్త్ డకోటాలో ఉంటాం. పోయిన వారం హెల్ క్రీక్ అనే శిలాజాల రాతిపొరలున్న ఒక రాంచ్‌కి, యజమాని అనుమతి తీసుకునే వెళ్ళాం. మా పాపకి అరచేతిలో సగం ఉండే ఎముక ముక్క దొరికింది. పైనంతా దుమ్ములో వాన చినుకులు పడ్డట్టు గుంటలు. ఒకాయన మొసలి వీపు పలక అన్నారు, ఇంకొకాయన తాబేలు అన్నారు. పాప దాన్ని స్కూల్లో చూపిస్తానంటోంది. తప్పు పేరు చెప్పి పంపిస్తామేమోనని టెన్షన్. ఎలా తేల్చుకోవాలి?

జవాబు:
ముందు ముక్కని తిరగేయండి సార్. నేను ల్యాబులో ఎముకలు శుభ్రం చేస్తుంటాను, మొదట చూసేది లోపలి వైపే. గుంటలు రెండింటికీ ఉంటాయి. తాబేలు పైచిప్ప పలక పక్కటెముకతో కలిసి పెరుగుతుంది, అందుకే లోపల అడ్డంగా ఒక బద్దలాంటి ఉబ్బు ఉంటుంది. మొసలి పలక చర్మంలోనే పుడుతుంది కాబట్టి పక్కటెముక జాడ ఉండదు, పైన మాత్రం చాలాసార్లు ఒక గట్టు కనిపిస్తుంది.

తాబేలే అనిపిస్తే పైభాగం వేలితో తడమండి. గట్టిచిప్ప తాబేళ్ళకి ఎముక మీద గోరులాంటి పెచ్చులుంటాయి, వాటి అంచులు ఎముక మీద సన్నటి గాడులు వదులుతాయి. మెత్తచిప్ప తాబేలుకి పెచ్చులుండవు, పైన చర్మమే. అదే పొరల్లో దొరికే బాసిలెమిస్ అనే తాబేలుకి గుంటలూ ఉంటాయి, గాడులూ ఉంటాయి. కాబట్టి గుంటల్ని ఒక్కదాన్నే నమ్మకండి. ముక్క చిన్నదైతే గాడి లేని చోటే విరిగి వచ్చి ఉండొచ్చు, చివర్లు కూడా చూడండి.

అడిగినవారు:
చూశాం సార్. లోపల బద్ద ఉంది, గాడి లేదు. ఒక చివర పలక అయిపోయాక కూడా పక్కటెముక కొన వేలిలా బయటికి వచ్చింది. ఇంతకీ పేరేమిటి? గుంటూరు వైపు మా ఊరి చెరువు బురదలో, వెనక కాళ్ళకి మూతలున్న తాబేలుని చూసేవాళ్ళం. దానికి చుట్టమేనా?

జవాబు:
ఆ కొనతో తేలిపోయింది. గట్టిచిప్ప తాబేళ్ళలో పక్కటెముకల చివర్లు చుట్టూ ఉండే అంచు ఎముకల్లో దిగుతాయి. మెత్తచిప్ప తాబేళ్ళకి ఆ అంచు లేదు. మీది ట్రయోనికిడే, అంటే మెత్తచిప్ప తాబేళ్ళ కుటుంబం.

మీ చెరువు తాబేలు లిస్సెమిస్ కూడా ఆ కుటుంబమే, చుట్టమే. దాని వెనక అంచున చిన్న ఎముకలుంటాయి కానీ అవి పాత అంచు ఎముకలు కావు, కొత్తగా పుట్టినవి. ఈ కుటుంబానికి బతికున్నవాటిలో అతి దగ్గరి చుట్టం న్యూగినీ, ఉత్తర ఆస్ట్రేలియాల పందిముక్కు తాబేలు. దానికీ పెచ్చులు లేవు, అంచు ఎముకలు మాత్రం పూర్తిగా ఉన్నాయి. చూడగానే ఇద్దరికీ ఉమ్మడి తాత పెచ్చులు వదిలేశాడనిపిస్తుంది. కానీ పందిముక్కు వైపు శిలాజ బంధువు అనోస్టీరా చిప్ప మీద పెచ్చుల గాడులు ఇంకా ఉన్నాయి. అంటే రెండు వంశాలూ వేరువేరుగానే వాటిని పోగొట్టుకున్నాయి. నాకు ఈ శిలాజాల్లో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

జాతి పేరు మాత్రం పెట్టకండి. చైనాలో లయోనింగ్‌లో దొరికిన పెరోకెలిస్ అనే శిలాజ తాబేలు సుమారు 12 కోట్ల ఏళ్ళ నాటిది, అప్పటికే చూడటానికి ఇప్పటి మెత్తచిప్ప తాబేలే. ఇంత తక్కువ మారిన జంతువుల్ని ఒక్క పలకతో విడదీయలేం. గుంటల తీరు ఒకే చిప్ప మీద కూడా చోటుని బట్టి మారుతుంది. వెనకటివాళ్ళు ఇలాంటి ముక్కలన్నిటికీ ట్రయోనిక్స్ అని పేరు పెట్టేశారు, ఆ చిక్కు ఇప్పటికీ విప్పుతూనే ఉన్నారు. హెల్ క్రీక్‌లోనే గిల్మోరెమిస్, హెలోపనోప్లియా, ఆక్సెస్టెమిస్ అనే మెత్తచిప్ప తాబేళ్ళు ఉన్నాయి. పుర్రె గానీ అడుగుచిప్ప గానీ దొరికితే అప్పుడు మాట్లాడుకుందాం.

పాప చీటీ మీద ఇలా రాయండి: "మెత్తచిప్ప తాబేలు, పైచిప్ప పలక, హెల్ క్రీక్, సుమారు 6.6 కోట్ల ఏళ్ళు." దొరికిన చోటు, తేదీ కూడా ఈరోజే రాసి ముక్కతోనే ఉంచండి.