"గట్టెక్కితే..." తర్వాత ఏమిటి? (లస్కరు / లష్కరు)

కాలవగట్టు: రోణా అనే ఓడ గురించి రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. 1943 నవంబరు 26న అల్జీరియాలో బూజీ తీరం దగ్గర జర్మన్ విమానం వదిలిన గ్లైడ్ బాంబు తగిలి మునిగిందే, అది. దాదాపు రెండు వేలమంది అమెరికన్ సైనికులతో సూయజ్ మీదుగా మన దేశానికే వస్తోంది. వాళ్లలో 1,015 మంది పోయారు. ఓడ బ్రిటిష్ ఇండియా కంపెనీది, పనివాళ్లు ఎక్కువమంది మనదేశం వాళ్లే. ఇంగ్లీషు కాగితాల్లో వాళ్లు 'లాస్కర్లు'. అది చదవగానే మా తాత గుర్తొచ్చాడు. డెల్టాలో కాలవ లాకుల దగ్గర లస్కరు, అంటే లాకుల పనివాడు. "గుర్రమెక్కితే లష్కరు, ఓడెక్కితే లస్కరు, గట్టెక్కితే..." అనేవాడు. మూడోది గుర్తు రావడం లేదు. మొదటిచోట ష అనేవాడా, రెండు చోట్లా స అనేవాడా?

పాతకాగితం: తేడా ఉండి తీరాలి. ఫారసీలో లష్కర్ అంటే సైన్యం. పోర్చుగీసువాళ్ల నోట పడి ఓడ మనిషయ్యాడు, అక్కడే ష పోయి స వచ్చింది. మీ తాతగారి లస్కరు ప్రజాపనుల శాఖ (పీడబ్ల్యూడీ) ఇంగ్లీషులోంచి దిగినవాడు.

లష్కర్ పోరడు: మాకు ఈ లొల్లే లేదు. లష్కర్ అంటే సికింద్రాబాదే. లష్కర్ బోనాలను ఎవరన్న 'లస్కర్ బోనాలు' అంటరా?

గోదారి సరంగు: షాపుని సాపు అనే ఊళ్లు మావి. దీనికి పోర్చుగీసు దాకా పోవాలా? పైగా ఆ మాట ఒంటరిగా రాలేదండీ. లంగరు, సరంగు, ఖలాసీ, అన్నీ ఒకే గుంపు. మా లాంచీ నడిపేవాడు సరంగు. రోణా లాంటి ఓడల్లో సరంగంటే లస్కర్ల మీద మేస్త్రీ.

పాతకాగితం: సాపు సూత్రమే అయితే గుర్రం దగ్గర ష ఎలా నిలిచింది?

గోదారి సరంగు: నిలిచిందని ఎవరన్నారు? అడిగినాయనకే అనుమానం.

చాటువు: ఓడ మాటలంటే శ్రీనాథుణ్ణి తలవకుండా ఎలా? హరవిలాసంలో అవచి తిప్పయసెట్టి సరుకు తెప్పించే పద్యం చూడండి. కప్పలి, జోంగు, వల్లి అని ఓడల్లో రకాలు చెప్పాడు. కప్పలి అంటే అరవంలో ఓడకు వాడే 'కప్పల్' అనే మాటే. తరుణాసీరి అంటే బర్మా తెనాసెరిం. నిఘంటువులు వెతికేవాళ్లు ముందు ఆ ఒక్క పద్యం నోటికి తెచ్చుకుంటే చాలు.

కాలవగట్టు: రోణాదీ తూర్పు దారేనండీ! యుద్ధానికి ముందు మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, సింగపూర్ తిరిగేది. 1926లో కట్టారు. జంట ఓడ రజూలా 1970ల దాకా బతికింది. రోణా మునిగే వేళ చాలా పడవలు కిందికి దిగనే లేదు. లస్కర్లు తమ దారి తాము చూసుకున్నారని బతికి బయటపడ్డ సైనికులు కొందరు నిందించారు. ఆ సిబ్బందిలోనూ వందమందికి పైగా పోయారు. అందుకే 'నావికులు' అని నున్నగా రాయబుద్ధి కావడం లేదు. వాళ్లను తిట్టిన మాటతోనే రాయాలి.

లష్కర్ పోరడు: అట్లయితే మూడోది "గట్టెక్కితే బతికిండు" కావచ్చు అన్నా.

గోదారి సరంగు: కాలవ పనివాడు అంత వేదాంతం చెప్పడు. "గట్టెక్కితే మస్టరు" అయ్యుంటుంది. హాజరు పడితేనే జీతం.

పాతకాగితం: భేష్! లస్కరు, మస్టరు. ప్రాసతోనే స తేలిపోయింది.

చాటువు: శషసలకు మైత్రి ఉందండీ. ఏదైనా చెల్లుతుంది.

పాతకాగితం: అది యతికి. నేనంటున్నది ప్రాస.

కాలవగట్టు: ఇప్పుడే పిన్నికి ఫోన్ చేశాను. తాత ఆ మాటే వాడేవాడు కాదట, 'లాకు డ్యూటీ' అనేవాడట. ఆ సామెత ఎదురింటి లస్కరుదట.

పాతకాగితం: పిన్నిగారు ఫోన్లో స అన్నారా, ష అన్నారా?