‘చివరకు మిగిలేది’ రెండోసారి: ఇంత బరువుగా ఉందేం?

అలిపిరి_పాఠకుడు (తిరుపతి):
బుచ్చిబాబు నవల ఇది, డిగ్రీలో చదివినప్పుడు కోమలి, అమృతం మాత్రమే గుర్తుండిపోయారు. ప్రేమల నవల అనుకున్నా. ఇప్పుడు మళ్ళీ మొదలుపెడితే యాభై పేజీలకే గుండె బరువెక్కతా ఉంది. అప్పుడు ఏం వదిలేసినట్టు? ఎట్లా చదివితే అందుతుంది?

గంగమ్మగుడివీధి:
తమ్ముడూ, మొదటిసారి అందరూ ప్రేమల లెక్కే వేసుకుంటారు. ఈసారి పెన్సిల్ పట్టుకుని కథానాయకుడు దయానిధి తల్లి ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా అంచున గీత పెట్టు. ఆమె మీద ఊరు వేసిన నింద కొడుకు కంటే ముందే పోయి ప్రతి గడపలో కూర్చుని ఉంటుంది. అతన్ని ఎవరన్నా ఎగాదిగా చూశారంటే ఆ చూపు సగం ఆమెదే. ఆమె వైపు మాట మాత్రం మనదాకా రాదు. గీతలు ఉన్న పేజీలే వరసగా తిరగేస్తే, అతను ఏ ఆడమనిషి దగ్గరా ఎందుకు నిలవలేకపోయాడో తెలుస్తుంది. బుచ్చిబాబు దీనికి ముందు పెట్టుకున్న పేరు ‘ఏకాంతం’.

ఇంకోటి, రోజుకు ముప్పై పేజీలు దాటొద్దు. సంఘటన ఒక్క వాక్యంలో అయిపోతుంది, దాని మీద ఆలోచన రెండు పేజీలు నడుస్తుంది. కథ కోసం పరిగెత్తితే ఆ వాక్యమే జారిపోతుంది.

మదనపల్లె_డిస్పెన్సరీ:
దయానిధి భార్య ఇందిరను ఎవరూ తలవరేం? ఆమెది క్షయ. దానికి మందు స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నదే 1943లో, మన దేశంలో రోగి మంచం దాకా వచ్చేసరికి ఇంకా ఆలస్యం. అంతకు ముందు చేయగలిగింది పూర్తి విశ్రాంతి, మంచి గాలి, పాలు, గుడ్లు. కుదిరితే పక్కటెముకల మధ్య సూదితో గాలి ఎక్కించి జబ్బు ఊపిరితిత్తిని ముడుచుకోనివ్వడం. మా ఆరోగ్యవరం శానటోరియంలోనూ అప్పట్లో అంతే. ఇది తెలిశాక ఆ భాగం చదవండి. భర్త డాక్టరు, చేతిలో మందు లేదు. మామగారి పంతంతో కాపురం లేకుండా పోయిన రోజులు దీనికి ముందు మాట.

పీలేరు_బస్సు:
గంగమ్మగుడి అక్క చెప్పింది సగమే ఒప్పుకుంటా. దయానిధికి వజ్రం దొరికే వజ్రకరూరు (అనంతపురం జిల్లా) భాగం సినిమా మలుపని గబగబా తిప్పేస్తారు, అదే తప్పు. తొలకరి పడితే అక్కడి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. కోస్తా నుంచి వచ్చినోడికి సీమ మట్టిలో వజ్రం దొరికితే ఊరికి కడుపు మండదా? ఆ అపనమ్మకం వల్లే కదా 1937లో కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నది. సొంతూళ్ళో అమ్మ పేరుతో వెలి, ఇక్కడ కోస్తావాడని వెలి. నాకైతే తల్లి కథ కంటే ఇదే ఎక్కువ గుచ్చుకుంటుంది. బుచ్చిబాబు అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి, సీమ ఎండ ఆయనకు తెలుసు.

అలిపిరి_పాఠకుడు:
అయితే వెనక్కి పోతా. అమ్మకు ఒక రంగు, ఇందిరకు ఒక రంగు పెన్సిల్ తీసుకోవాల. నా కాపీలో అంచులు మరీ సన్నం, గీత పట్టేదీ కష్టమే.

గంగమ్మగుడివీధి:
చుక్క పెట్టు చాలు.