వేడెక్కాక జారుతున్న ఆటోమేటిక్ గేర్: లోపం ఎక్కడ?

మా పాత ఆటోమేటిక్ కారు చల్లగా ఉన్నంతసేపు సాఫీగానే నడుస్తోంది గానీ, బాగా వేడెక్కాక రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) ఒక్కసారిగా పైకి లేచి, బండి వేగం అందుకోకుండా క్షణకాలం ఆగి, ఆ తరువాత కుదుపుతో గేరు పడుతోంది. రివర్స్‌లో ఇబ్బంది లేదు. గేర్‌బాక్స్ ఫ్లూయిడ్ (అందులోని నూనె) మట్టం సరిగానే ఉంది. అయితే మట్టం చూసే కడ్డీని, అంటే డిప్‌స్టిక్‌ను తెల్లటి గుడ్డతో తుడిస్తే ఎరుపు పోయి ముదురు గోధుమ రంగు మరక పడింది, మాడిన వాసన కూడా వచ్చింది. లోహపు రజను మాత్రం కనిపించలేదు.

లోపల గేరును పట్టి ఉంచే క్లచ్ ప్లేట్లే అరిగాయా, లేక వేడికి ఫ్లూయిడ్ పలచబడి వాల్వ్ బాడీలోనో (ఫ్లూయిడ్‌ను ఆయా క్లచ్‌లకు మళ్లించే భాగం) సీళ్ల దగ్గరో ఒత్తిడి పడిపోతోందా అన్నది గేర్‌బాక్స్ విప్పకముందే తేల్చుకోవాలని నా కోరిక. లైన్ ప్రెషర్‌ను (గేర్‌బాక్స్‌లోని ఫ్లూయిడ్ ఒత్తిడిని) చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా కొలిపిస్తే ఈ తేడా తెలుస్తుందా? అంతవరకు ఫ్లూయిడ్ మార్చకుండా ఆగడం మంచిదేనా? అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.